స్కాలర్‌షిప్ కుర్రవాడు – కనిపించని మనిషి
(హెచ్.జి. వెల్స్ జీవితం)



ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' నవల 1897లో వచ్చింది. సైన్సును ఆధారం చేసుకుని రాసిన ఉత్కంఠభరితమైన నవలల్లో అది చాలా పాతది, చాలా పేరున్నది. వచ్చి నూట పాతికేళ్లు దాటినా ఆ పుస్తకం గురించి చదివినవాళ్లు ఇంకా ఒక మాట మీదకు రాలేదు. మా హాస్టల్‌లోనూ అంతే. స్టడీ అవర్ అయ్యాక మెస్ వరండాలో ఆ నవల మీద మొదలైన వాదన ఒక్కోసారి లైట్లు ఆర్పేదాకా సాగేది. హీరో అన్నవాళ్లున్నారు, రాక్షసుడు అన్నవాళ్లున్నారు, ఇదంతా తప్పుడు సైన్సు అని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు.

ఆ వాదనల్లో మాకు ఒక విషయం అర్థమైంది. పుస్తకం గురించి మాట్లాడుతున్నాం గానీ, రాసిన మనిషి గురించి మాకేమీ తెలియదు. తెలుసుకున్నాక ఆశ్చర్యపోయాం. ఆయన జీవితం మన హాస్టల్ పిల్లల జీవితానికి చాలా దగ్గరగా ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నాం.

దుకాణం వెనక బాల్యం

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబర్ 21న ఇంగ్లండులోని కెంట్ జిల్లా బ్రోమ్లీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జోసెఫ్ వెల్స్ మొదట తోటమాలి. తర్వాత పింగాణి సామాన్లు, క్రికెట్ బ్యాట్లు అమ్మే చిన్న కొట్టు పెట్టాడు. కొట్టు ఏనాడూ సరిగా నడవలేదు. ఆయన మంచి క్రికెట్ బౌలర్. 1862లో కెంట్ జట్టు తరఫున ససెక్స్ మీద ఆడుతూ వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు. క్రికెట్ మీద వచ్చే నాలుగు డబ్బులే ఇంటికి ఆధారం. తల్లి సారా పెళ్లికి ముందు గొప్పవాళ్ల ఇంట్లో పనిమనిషి.

వెల్స్‌కు ఏడెనిమిదేళ్ల వయసులో, 1874లో, కాలు విరిగింది. వారాల తరబడి మంచం మీదే ఉండాల్సి వచ్చింది. పిల్లవాడికి పొద్దుపోవడానికి తండ్రి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. నక్షత్రాల గురించి, దూరదేశాల గురించి, జంతువుల గురించి ఆ కుర్రవాడు చదివాడు. కాలు విరగడం తన జీవితంలో జరిగిన గొప్ప అదృష్టాల్లో ఒకటని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. కాలు బాగయ్యేసరికి చదువు పిచ్చి పట్టుకుంది.

1877లో తండ్రి కిందపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. దాంతో క్రికెట్ ఆగిపోయింది, వచ్చే డబ్బూ ఆగిపోయింది. అప్పులు పెరిగాయి. 1880లో తల్లి ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో పనివాళ్ల మీద పెద్దగా ఉద్యోగానికి వెళ్లిపోయింది. కుటుంబం చెదిరిపోయింది. పనివాళ్లకు ఆ భవనంలో వేరే దారి, కింద గదులు. యజమానులకు పైన వెలుగు. పిల్లవాడిగా అక్కడికి వచ్చిపోతూ ఉన్నప్పుడు ఈ పైన, కింద తేడా వెల్స్ మనసులో గట్టిగా ముద్ర పడింది. ఆయన మొదటి నవల 'ది టైమ్ మెషీన్'లో మనుషులు రెండు జాతులుగా విడిపోయి, ఒక జాతి నేల మీద, ఇంకో జాతి నేల కింద బతుకుతుంది. ఆ ఊహకు ఆ భవనపు కింది గదులతో సంబంధం ఉందని చాలామంది విమర్శకులు అంటారు.

అదే భవనంలో పాత గ్రంథాలయం ఉంది. పనిమనిషి కొడుకైనా ఆ పుస్తకాలు చదవడానికి వీలు దొరికింది. ప్లేటో 'రిపబ్లిక్', స్విఫ్ట్ 'గలివర్ ట్రావెల్స్' అక్కడే చదివాడు. అటక మీద పడి ఉన్న పాత టెలిస్కోపు ముక్కలు దొరికితే వాటిని బిగించి చంద్రుణ్ణి చూశాడు.

బట్టల కొట్టులో పదమూడు గంటలు

తన ముగ్గురు కొడుకులూ బట్టల దుకాణంలో స్థిరపడాలని తల్లి కోరిక. తెల్లచొక్కా వేసుకుని నీడపట్టున చేసే పని, అంతకన్నా గౌరవం ఏముంటుందని ఆమె ఉద్దేశం. పధ్నాలుగేళ్లకే వెల్స్‌ను విండ్సర్‌లో ఒక బట్టల కొట్టులో చేర్చారు. పనిలో శ్రద్ధ లేదు, లెక్కలు కుదరడం లేదని కొద్దిరోజులకే పంపేశారు. తర్వాత కొన్నాళ్లు ఒక పల్లెటూరి బడిలో చిన్న టీచరు. అదీ పోయింది. మిడ్‌హర్‌స్ట్ అనే ఊళ్లో మందుల షాపులో చేరాడు. ఆ పనికి లాటిన్ రావాలన్నారు. లాటిన్ నేర్చుకోవడానికి ఆ ఊరి గ్రామర్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు హొరేస్ బయట్ దగ్గరికి వెళ్లాడు. కుర్రవాడు చదివే వేగం చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. కానీ మందుల షాపు శిక్షణకు అయ్యే ఖర్చు ఇంటివాళ్లు భరించలేరని తేలి ఆ పనీ మానాల్సి వచ్చింది.

1881లో మళ్లీ బట్టల కొట్టే. ఈసారి సౌత్‌సీలో. రోజుకు దాదాపు పదమూడు గంటల పని, తోటి పనివాళ్లతో కలిసి ఒకే హాల్లో పడక. తానులు మడతపెట్టడం, గుడ్డలు సర్దడం, గిరాకీ లేనప్పుడు కూడా నిలబడే ఉండడం. దొంగచాటుగా పుస్తకం తెరిస్తే తిట్లు. అలా రెండేళ్లు గడిచాయి. శిక్షణ కోసం తల్లి కట్టిన డబ్బు పోతుందని తెలుసు. అయినా 1883లో ఒక ఆదివారం పొద్దున తిండి కూడా తినకుండా పదిహేడు మైళ్లు నడిచి అప్‌పార్క్ చేరి, ఇక ఆ కొట్టుకు తిరిగి వెళ్లనని తల్లికి చెప్పేశాడు. పదిహేడు మైళ్లంటే మన లెక్కలో ఇరవై ఏడు కిలోమీటర్లు. ఆ తల్లి బాధ మనకు తెలియనిది కాదు. కొడుకు స్థిరపడ్డాడనుకున్న చోటు నుంచి వచ్చేస్తే ఏ అమ్మకైనా గుండె జారిపోతుంది.

అప్పుడు ఆదుకున్నది ఆ లాటిన్ చెప్పిన మాస్టారు బయట్. తన స్కూల్లోనే చిన్న జీతం మీద సహాయకుడిగా పెట్టుకున్నాడు. పగలు చిన్నపిల్లలకు పాఠాలు, సాయంత్రం తన చదువు. ఆ రోజుల్లో సాయంత్రం తరగతుల్లో ఎంతమంది ప్రభుత్వ సైన్సు పరీక్షలు ప్యాసైతే స్కూలుకు అంత గ్రాంటు వచ్చేది. వెల్స్ వరసగా పరీక్షలన్నీ రాసి ప్యాసయ్యాడు. మాస్టారికి గ్రాంటు వచ్చింది, కుర్రవాడికి 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో ఉచిత సీటు, స్కాలర్‌షిప్ వచ్చాయి.

వారానికి ఒక గినీ

ఆ స్కాలర్‌షిప్ వారానికి ఒక గినీ, అంటే ఇరవై ఒక్క షిల్లింగులు. అందులోనే గది అద్దె, తిండి, బట్టలు అన్నీ. కొత్త డబ్బు చేతికొచ్చే రోజు దగ్గరపడేసరికి జేబు ఖాళీ. మధ్యాహ్నం భోజనం మానేసిన రోజులు ఎన్నో. చిక్కి శల్యమైపోయాడు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం ఏమిటో మనకు వేరే చెప్పాలా!

మొదటి సంవత్సరం జీవశాస్త్రం చెప్పినది టి.హెచ్. హక్స్‌లీ. డార్విన్ పరిణామ సిద్ధాంతం కోసం మతపెద్దలతో వాదించి నిలిచిన మహా శాస్త్రవేత్త ఆయన. ఆ ఒక్క సంవత్సరం పాఠాలు వెల్స్ జీవితాన్నే మార్చేశాయి. మనిషి కూడా జంతువుల్లోంచి వచ్చినవాడే, ప్రకృతికి మనిషి మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు, మన బాగు మనమే చూసుకోవాలి అన్న ఆలోచన ఆయన రచనలన్నిటిలో ఉంటుంది.

తర్వాతి సంవత్సరాల్లో భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం పాఠాలు ఆయనకు రుచించలేదు. చర్చా సభలు, రాజకీయాలు, రచన మీదికి మనసు పోయింది. 1886లో స్నేహితులతో కలిసి 'సైన్స్ స్కూల్స్ జర్నల్' అనే విద్యార్థుల పత్రిక మొదలుపెట్టాడు. అందులోనే 1888లో కాలంలో ప్రయాణించే యంత్రం గురించి తొలి కథ వేశాడు. ఏడేళ్ల తర్వాత అదే 'ది టైమ్ మెషీన్' అయింది. మన తెలుగులో 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369' సినిమాలోని యంత్రానికి మూలం ఎక్కడుందో చూడండి, ఒక విద్యార్థుల పత్రికలో! ఈ సంచికలో రాస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయితే 1887లో భూగర్భశాస్త్రం పరీక్ష తప్పాడు. డిగ్రీ లేకుండా, స్కాలర్‌షిప్ లేకుండా బయటకు వచ్చాడు. వేల్స్ ప్రాంతంలో ఒక బడిలో టీచరుగా చేరితే ఫుట్‌బాల్ ఆటలో మూత్రపిండానికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత రక్తం కక్కుకున్నాడు. క్షయ అని డాక్టర్లు అనుమానించారు. తల్లి ఉన్న భవనానికి వెళ్లి నెలల తరబడి కోలుకున్నాడు. అక్కడితో కథ అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. ఆయన అనుకోలేదు. మళ్లీ టీచరుగా పనిచేస్తూ, బయటి విద్యార్థిగా ఫీజు కట్టి, 1890లో లండన్ యూనివర్సిటీ బి.ఎస్సీ. జంతుశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ప్యాసయ్యాడు. 1893లో ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని టీచరు ఉద్యోగం మానేశాక కలమే బతుకుతెరువైంది. అదే ఏడాది ఆయన రాసిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకం వచ్చింది. తర్వాత నవలలు: 1895లో 'ది టైమ్ మెషీన్', 1896లో 'ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో', 1897లో 'ది ఇన్విజిబుల్ మ్యాన్', 1898లో 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'. నాలుగేళ్లలో నాలుగు పుస్తకాలు. నాలుగూ ఇప్పటికీ అచ్చవుతున్నాయి.

నవలలో ఏముంది?

చదవని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. గ్రిఫిన్ అనే యువకుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యం చదువుతూ భౌతికశాస్త్రం వైపు మళ్లుతాడు. తెలివైనవాడు, పేదవాడు, ఒంటరివాడు. ఒక వస్తువు మనకు కనిపించాలంటే అది కాంతిని పీల్చుకోవాలి, లేదా తిప్పికొట్టాలి, లేదా వంచాలి. ఈ మూడూ చేయకుండా ఆపగలిగితే వస్తువు కనిపించదు. దీనిమీద అతను రహస్యంగా పనిచేస్తాడు. పైన ఉన్న ప్రొఫెసరు తన పరిశోధనను కాజేస్తాడని ఎవరికీ చెప్పడు. డబ్బు కోసం తండ్రి దగ్గర దొంగిలిస్తాడు. ఆ డబ్బు తండ్రిది కాదు. ఆ తండ్రి తుపాకితో కాల్చుకుని చనిపోతాడు. కొడుక్కి ఏడుపు కూడా రాదు.

మొదట ఒక పిల్లిని, తర్వాత తనను తాను మాయం చేసుకుంటాడు. ఇంటి యజమాని అనుమానిస్తే ఇంటికి నిప్పుపెట్టి పోతాడు. అక్కడి నుంచి కష్టాలు. బట్టలు కనిపిస్తాయి కాబట్టి జనవరి చలిలో దిసమొలతో తిరగాలి. తిన్న తిండి అరిగేదాకా కడుపులో కనిపిస్తుంది. బురద కాళ్ల అడుగులు చూసి వీధి పిల్లలు వెంటపడతారు. ఒక పెద్ద దుకాణంలో దూరి రాత్రి దాక్కుంటాడు. దుకాణం మూసే వేళ పనికుర్రాళ్లు సరుకు సర్దే తీరు, ఊడ్చే తీరు వెల్స్ ఎంత వివరంగా రాశాడో చూస్తే, ఆ పని చేసిన చేయి అని తెలిసిపోతుంది.

తర్వాత ముఖానికి కట్లు, నల్లకళ్లద్దాలతో ఐపింగ్ అనే పల్లెలోని సత్రానికి చేరతాడు. మళ్లీ కనిపించే మార్గం కనుక్కోలేక, కోపం పెరిగి, జనాన్ని కొడతాడు. డాక్టర్ కెంప్ అనే పాత సహాధ్యాయిని కలిసి, ఇద్దరం కలిసి దేశాన్ని భయపెట్టి ఏలుదామంటాడు. కెంప్ పోలీసులకు చెప్పేస్తాడు. చివరకు కూలివాళ్లు, ఊరి జనం కలిసి కొట్టి చంపుతారు. ప్రాణం పోయాక శరీరం మెల్లమెల్లగా కనిపిస్తుంది.

చదివినవాళ్ల మాటలు

ఈ నవల మీద మొదటి అభ్యంతరం సైన్సు వాళ్లది. మనం చూడాలంటే కంటి కటకం కాంతిని వంచాలి, రెటీనా ఆ కాంతిని పట్టుకోవాలి. శరీరమంతా కాంతిని వదిలేస్తే కన్నూ వదిలేస్తుంది. అప్పుడు కనిపించని మనిషి గుడ్డివాడే అవుతాడు. రష్యన్ సైన్సు రచయిత పెరెల్‌మన్ కూడా తన భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ తప్పు ఎత్తిచూపాడు. నిజానికి ఈ చిక్కు వెల్స్‌కు తెలుసు. నవల వచ్చిన కొత్తలో రచయిత ఆర్నాల్డ్ బెన్నెట్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే కావచ్చు, అద్దంలో చూసుకుంటే రెటీనా వెనక మసకగా కొంచెం రంగు మిగిలిందని గ్రిఫిన్ చేత చెప్పించాడు. అయినా కటకం సంగతి అలాగే మిగిలిపోయింది.

మా ఎంపీసీ విద్యార్థులు ఈ పాయింటు మీద గట్టిగా నిలబడ్డారు. తప్పు సైన్సుతో రాసినదాన్ని సైన్సు నవల అనకూడదని వాళ్ల వాదన. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్‌ది కూడా దాదాపు ఇదే వాదన. చంద్రుడి దగ్గరికి పోవడానికి తాను ఫిరంగి వాడాననీ, వెల్స్ మాత్రం గురుత్వాకర్షణ పనిచేయని లోహాన్ని కల్పించాడనీ, అలాంటి లోహం ఉంటే చూపించమనీ 1903లో అన్నాడు.

ఇంకో పక్షం వాళ్లు ఒక ప్రయోగంతో జవాబిచ్చారు. గ్లిజరిన్ ఉన్న బీకరులో బోరోసిలికేట్ గాజు కడ్డీ ముంచితే మునిగిన భాగం దాదాపు మాయమైపోతుంది. రెండింటి వక్రీభవన గుణకం ఇంచుమించు 1.47 కాబట్టి కాంతి వంగకుండా పోతుంది. స్కూలు ల్యాబులో ఎవరైనా చేసి చూడొచ్చు. గ్రిఫిన్ కెంప్‌కు చెప్పేదీ ఇదే సూత్రం, గాజుపొడి నీళ్లలో వేసిన ఉదాహరణతో. 2024లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు టార్‌ట్రాజిన్ అనే పసుపు తిండిరంగును నీళ్లలో కలిపి ఎలుక చర్మానికి పూసి, ఆ చర్మాన్ని తాత్కాలికంగా పారదర్శకం చేశారు. లోపలి రక్తనాళాలు, అవయవాలు కనిపించాయి. కడిగేస్తే చర్మం మళ్లీ మామూలే. దాని వెనకా వక్రీభవన గుణకాలను సరిపెట్టడమనే సూత్రమే ఉంది. కాబట్టి వెల్స్ వివరాల్లో పొరపడ్డా దారి సరైనదే పట్టాడని వీళ్ల వాదన.

సైన్సు పక్కనపెట్టి చదివినవాళ్లు వేరు. ఇది యండమూరి నవలలా ఒక్క బిగిన చదివించే పుస్తకం, తొడుక్కునేవాడు లేకుండా చొక్కా పరుగెత్తే చోట పడిపడి నవ్వాం, ఇందులో నీతి వెతకడం ఎందుకు అన్నవాళ్లు మాలో తక్కువేమీ కాదు. వాళ్ల మాటా కాదనలేం. పెద్ద రచయితల్లోనూ ఈ తేడా ఉంది. కాన్రాడ్ వెల్స్ నవలల్ని ఎంతో మెచ్చుకుని తన 1907 నాటి నవలను ఆయనకే అంకితమిచ్చాడు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ ఈ కథలో మనుషులందరి ఒంటరితనం చూశాడు. రెప్పలు కూడా పారదర్శకమే కాబట్టి కళ్లు మూసుకున్నా చీకటి దొరకని మనిషి బాధ ఆయన్ను కదిలించింది.

బాలికల హాస్టల్లో చదివి ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్న ఒక అక్క ఇంకో కోణం చూపించింది. ఈ నవలలో ఆడవాళ్లు అరవడానికి, మూర్ఛపోవడానికి తప్ప పెద్దగా పనికిరారని ఆమె అభ్యంతరం. గ్రిఫిన్ చేతిలో అన్నిటికంటే ఎక్కువ అవస్థ పడిన సత్రం యజమానురాలు మిసెస్ హాల్ వైపు నుంచి ఈ కథ ఎవరూ చెప్పలేదని ఆమె అంటుంది.

మమ్మల్ని ఎక్కువ కదిలించిన వాదన మాత్రం వేరే ఉంది. గ్రిఫిన్ చెడ్డవాడా, లేక పేదరికం, ఒంటరితనం అతణ్ణి అలా చేశాయా? ఒక పక్షం అంటుంది: ఎవరూ పలకరించని, ఎవరూ లెక్కచేయని కుర్రవాడు చివరకు ఎవరినీ లెక్కచేయనివాడయ్యాడు, తప్పు లోకానిది. రెండో పక్షం అంటుంది: వెల్స్ కూడా అదే ఆకలి తిన్నాడు, అదే లండన్‌లో అదే చలిలో తిరిగాడు, ఆయన ఎవరి ఇంటికీ నిప్పు పెట్టలేదే! ఈ రెండు మాటల మధ్య మాలో చాలామంది నలిగిపోయారు. కాలేజీలో చేరిన కొత్తలో పేరు అడిగి, ఊరు అడిగి, హాస్టల్ పేరు వినగానే చూపు తిప్పుకున్నవాళ్లను మనలో చూడనివాళ్లెవరు? కనిపించకుండా పోవడానికి మనకు ఏ మందూ అక్కరలేదు. అమెరికా నల్లజాతి రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ 1952లో ఇదే అర్థంతో, దాదాపు ఇదే పేరుతో 'ఇన్విజిబుల్ మ్యాన్' అనే నవల రాశాడు. అందులో కథానాయకుడి శరీరం మామూలుదే. చూసేవాళ్లు చూడదలచుకోకపోవడం వల్ల అతను కనిపించడు.

అయితే మా పూర్వ విద్యార్థి, ఇప్పుడు టీచరుగా ఉన్న ఒక అన్న చెప్పిన మాట ఆలోచింపజేసింది. గ్రిఫిన్‌కూ వెల్స్‌కూ తేడా తెలివిలో లేదు, పేదరికంలోనూ లేదు. వెల్స్‌కు లాటిన్ చెప్పిన మాస్టారు ఉన్నాడు, పత్రిక నడపడానికి స్నేహితులు ఉన్నారు. వాళ్ల ఎదుట ఆయన తన ఆలోచనలు పెట్టాడు. గ్రిఫిన్ తన పుస్తకాలను రహస్యలిపిలో రాసి దాచుకున్నాడు. ఒక్కడికే తెలిసిన విద్య ఆ ఒక్కణ్ణీ తినేసిందని ఆ అన్న అభిప్రాయం. అంత మాత్రాన లోకం తప్పు మాఫీ కాదని మొదటి పక్షం ఇప్పటికీ అంటోంది.

మెచ్చుకోలేని పేజీలు

ఒక మహానుభావుడి జీవితం రాస్తూ మంచి మాత్రమే రాయడం మన సంచికల్లో అలవాటు. వెల్స్ విషయంలో అలా చేస్తే మనకే అన్యాయం. 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' మొదట్లోనే ఆయన టాస్మేనియా ఆదివాసులను యూరప్ వలసవాదులు తుడిచిపెట్టిన సంగతి గుర్తుచేసి, అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు లండన్‌కు అదే పని చేస్తే ఎలా ఉంటుందో చూపించాడు. అంత చూపు ఉన్నవాడే 1901లో రాసిన 'యాంటిసిపేషన్స్' అనే పుస్తకం చివర, తాను ఊహించిన కొత్త లోకానికి పనికిరాని నల్ల, గోధుమ రంగు జాతులు అంతరించిపోవాల్సిందేనన్న ధోరణిలో రాశాడు. మన పుట్టుకను బట్టి మనల్ని పనికిరానివాళ్లుగా లెక్కకట్టిన మాటలు మన పెద్దలు తరతరాలుగా విన్నవే. పనిమనిషి కొడుకు కలం నుంచి అదే మాట రావడం మాకు చాలా బాధ కలిగించింది.

అలాంటివాడి పుస్తకం హాస్టల్ లైబ్రరీలో ఎందుకని మాలో కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మిగతావాళ్ల జవాబు ఇది. 1905లో వచ్చిన 'ఎ మోడర్న్ యుటోపియా'లో ఆయన జాతి ద్వేషాన్ని తప్పుపట్టాడు. 1940లో మనిషి హక్కుల గురించి పుస్తకం రాసి, జాతి, రంగు, మతం తేడా లేకుండా అందరికీ హక్కులుండాలనే ప్రకటన తయారుచేయడంలో ముందు నిలిచాడు. ఆ ప్రకటన మీద గాంధీజీ అభిప్రాయం కూడా అడిగారు. హక్కుల కన్నా ముందు మనిషి బాధ్యతల పట్టికతో మొదలుపెట్టమని గాంధీజీ సలహా ఇచ్చారు. 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు దారివేసిన ప్రయత్నాల్లో వెల్స్ ప్రయత్నాన్నీ చరిత్రకారులు లెక్కిస్తారు. మారిన మనిషిని మారినట్టే చూడాలి. కానీ ముందు రాసింది చెరిగిపోదు. రెండూ చదివి నిర్ణయించుకునే హక్కు పాఠకుడిదే అని చివరకు అందరం అనుకున్నాం.

చివరి సంవత్సరాలు

1914లో వచ్చిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' నవలలో వెల్స్ అణుబాంబులను ఊహించి రాశాడు. శాస్త్రవేత్త లియో జిలార్డ్ ఆ నవలను 1932లో చదివాడు. మరుసటి ఏడాదే ఆయనకు అణు గొలుసు చర్య ఆలోచన తట్టింది. 1920లో వెల్స్ రాసిన ప్రపంచ చరిత్ర 'ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ' లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. జైలు నుంచి ఇందిరకు ప్రపంచ చరిత్ర ఉత్తరాలు రాసినప్పుడు నెహ్రూ గారు ఆ పుస్తకాన్ని ఉపయోగించుకున్నారు.

1933లో 'ది ఇన్విజిబుల్ మ్యాన్' సినిమాగా వచ్చింది. బాగా ఆడింది. అందులో మందు ప్రభావం వల్ల గ్రిఫిన్‌కు పిచ్చెక్కినట్టు చూపించారు. అది వెల్స్‌కు నచ్చలేదు. ఎందుకో మనం ఊహించగలం. పిచ్చివాడి నేరానికి ఎవరూ బాధ్యులు కారు. బాగా చదువుకుని, స్పృహలో ఉండి చేసిన నేరం గురించే ఆయన నవల.

వెల్స్‌కు మధుమేహం ఉండేది. 1934లో ఆయన డాక్టర్ ఆర్.డి. లారెన్స్‌తో కలిసి మధుమేహ రోగుల కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. అది ఇప్పుడు 'డయాబెటిస్ యూకే' పేరుతో పనిచేస్తోంది. 1945లో హిరోషిమా మీద నిజంగానే అణుబాంబు పడడం ఆయన బతికుండగానే చూశాడు. ఆ మరుసటి ఏడాది, 1946 ఆగస్టు 13న, లండన్‌లో తన ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు.

'ది ఇన్విజిబుల్ మ్యాన్' చివరి పేజీలో ఒక చిన్న సంగతి ఉంది. చాలామంది దాన్ని దాటేస్తారు. గ్రిఫిన్ రహస్యాలన్నీ రాసిన మూడు నోటు పుస్తకాలు మార్వెల్ అనే దేశదిమ్మరి చేతికి చిక్కుతాయి. అతను సత్రం పెట్టుకుని, ఆదివారం పూట తలుపులు వేసుకుని ఆ పుస్తకాలు తెరిచి పేజీలు తిప్పుతాడు. ఒక్క ముక్క అర్థం కాదు. పోలీసులకు ఇవ్వడు, డాక్టర్ కెంప్‌కు ఇవ్వడు, తాను చదవలేడు. విద్య అలా బీరువాలో పడి ఉంటుంది.

మన తాతలకు పుస్తకం ముట్టుకునే వీలు లేదు. మన తల్లిదండ్రుల్లో చాలామందికి బడి దొరకలేదు. చదవగలిగే వంతు మనకు వచ్చింది. చదివింది పదిమంది ముందు పెట్టి, తప్పుంటే దిద్దించుకునే అవకాశం ఈ హాస్టల్‌లో మనకు ఉంది. ఆ నవల మీద మీ అభిప్రాయం మాతో కలిసినా కలవకపోయినా, చదివి, రాసి వచ్చే సంచికకు పంపండి. ఆ వాదన ఇంకా ముగియలేదు.